కథ రాశారు సరే, ఏ వెబ్ పత్రికకు పంపాలి?

అమలాపురంలో గానీ, పాలకొల్లులో గానీ, యానాంలో గానీ సాహిత్య సభ అయ్యాక టీల దగ్గర కొత్తగా రాస్తున్నవాళ్లు అడిగేది ఒకటే: “మంచి వెబ్ పత్రిక ఏదో ఒకటి చెప్పండి, పంపేస్తాం.” అలా అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరండి. మంచి పత్రికలు చాలానే ఉన్నాయి. మీ చేతిలో ఉన్న ఈ ఒక్క రచనకు సరిపోయేవి వాటిలో రెండో మూడో ఉంటాయి. వాటిని పట్టుకోవడం ఎలాగో చూద్దాం. మెయిల్ చిరునామాల జాబితా మాత్రం ఇక్కడ ఇవ్వడం లేదు. అవి మారుతుంటాయి. పైగా జాబితా చేతికొస్తే అందరికీ ఒకేసారి కొట్టేయాలనిపిస్తుంది, చాలామంది చెడేది అక్కడే.

ఇది కథ, కవిత, వ్యాసం, పుస్తక సమీక్ష పంపేవాళ్ల కోసం. నవల, సీరియల్ అయితే ముందుగా సంపాదకులకు సారాంశం రాసి అడగాలి. ఆ దారి వేరు.

కావలసినవి

- పూర్తయిన రచన, యూనికోడ్ తెలుగులో (ఏ ఫోనులో తెరిచినా తెలుగుగానే కనబడే టైపు), వర్డ్ లేదా గూగుల్ డాక్స్ ఫైలుగా
- మీ పేరుతోనే ఉన్న మెయిల్ ఖాతా (‘కోనసీమ కుర్రోడు 143’ లాంటివి వద్దు)
- రెండు మూడు వాక్యాల పరిచయం, ఒక ఫొటో
- ఏది ఎక్కడికి ఎప్పుడు పంపారో రాసుకోవడానికి నోటుబుక్కు లేదా గూగుల్ షీట్
- చదవడానికి రెండు సాయంత్రాలు. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

1. ముందు ఫాంటు సంగతి తేల్చుకోండి

పత్రిక ఎంపికకు ముందే ఇదెందుకంటే, చాలా రచనలు చదవకుండానే పక్కకు పోయేది ఇక్కడే. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు శుభలేఖలకీ, కరపత్రాలకీ, ఫ్లెక్సీలకీ ఇప్పటికీ అనూ ఫాంట్లే ఎక్కువ వాడతాయి. చేత్తో రాసిన కథను అక్కడ ఇస్తే పేజ్‌మేకర్ ఫైలో, అనూలో కొట్టిన వర్డ్ ఫైలో చేతికొస్తుంది. ప్రింటు తీస్తే నీటుగానే ఉంటుంది, వెబ్ పత్రికకు మాత్రం పనికిరాదు.

పరీక్ష చాలా తేలిక. ఫైలులోంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు కనబడితే యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అనూ.

అనూ అని తేలితే మూడు దారులు:

అ) ఇంకా టైపు మొదలుపెట్టకపోతే, సెంటర్లో ముందే “యూనికోడ్‌లో కొట్టండి” అని చెప్పండి. సగం అయ్యాక చెబితే మళ్లీ డబ్బులు అడుగుతారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

ఆ) అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అనూలోనూ రకాలున్నాయి కాబట్టి మీ ఫైలు ఏ వెర్షనులో కొట్టారో సెంటర్లో అడిగి, దానికి తగ్గ కన్వర్టర్ వాడండి. మార్చాక ఒక్కసారి చూసి వదిలేయకండి. వత్తులు పక్క అక్షరం కిందికి వెళ్తాయి, కొటేషన్ గుర్తులు మారతాయి, అంకెలు తారుమారవుతాయి. పాత ప్రింటును పక్కన పెట్టుకుని, వరుస వరుసా వేలు పెట్టి సరిచూడాలి.

ఇ) ఫోనులో జీబోర్డ్ (గూగుల్ వారి కీబోర్డు) పెట్టుకుని మీరే కొట్టుకోవడం. నోటితో చెప్పి టైపు చేయించుకోవచ్చు గానీ ల-ళ, న-ణ, శ-ష-సల దగ్గర తప్పులొస్తాయి, కామాలూ చుక్కలూ ఉండవు. గోదారి యాసలో “వత్తన్నానండి” అని చెబితే అది పెద్దమనిషి తరహాగా “వస్తున్నానండి” అని దిద్దిపెట్టే ప్రమాదమూ ఉంది. సంభాషణలు చేత్తో కొట్టడమే మేలు.

యూనికోడ్‌లోనూ ఒక చిక్కుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉండాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’, ‘ఫేస్బుక్’ అయి కూర్చుంటాయి. కథంతా ఇలాంటివే ఉంటే సంపాదకులకు మొదటి పేజీలోనే విసుగొస్తుంది. ఒక మాటను సరిగ్గా ఉన్నచోట నుంచి కాపీ చేసి, ‘ఫైండ్ అండ్ రీప్లేస్’తో మిగతా చోట్ల మార్చేయండి.

2. మీ దగ్గరున్నదేంటో ఒక చీటీ మీద రాయండి

ప్రక్రియ, పదాల సంఖ్య, భాష, ఎవరు చదివితే బాగుంటుంది. అంతే. “అందరూ చదవాలి” అని రాసుకుంటే చీటీ చింపేసి మళ్లీ రాయండి.

ఉదాహరణకు ఒక కథ తీసుకుందాం. లంక గ్రామం, వరి చేను రొయ్యల చెరువుకు లీజుకిచ్చిన రైతు, పక్క చేలోకి ఉప్పునీరు ఊరి తమ్ముడితో తగువు. 2200 పదాలు, సంభాషణలు పూర్తిగా యాసలో, ముగింపు తేల్చకుండా వదిలేశారు. చీటీ ఇలా ఉంటుంది: “కథ, 2200, కథనం శిష్ట వ్యావహారికం, మాటలు గోదావరి యాస, గంభీరమైన కథలు ఓపిగ్గా చదివేవాళ్లు.” చివరి మాటతోనే సరదా కథల వారపత్రికలు జాబితాలోంచి పోయాయి చూడండి.

పదాల సంఖ్య గూగుల్ డాక్స్‌లో ‘వర్డ్ కౌంట్’ నొక్కితే వస్తుంది. అరఠావు పేజీలు లెక్కబెట్టి చెప్పకండి, ఒక్కో చేతిరాత ఒక్కోలా ఉంటుంది.

వ్యాసమైతే ఈ దశలోనే నిజాలు సరిచూసుకోండి. డెల్టా మీద వచ్చే వ్యాసాల్లో రెండు తప్పులు పదే పదే కనబడతాయి. మొదటిది, ధవళేశ్వరం దగ్గర కాటన్ హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టనీ, దాని స్థానంలో చాలా ఏళ్ల తర్వాత కట్టిన ఇప్పటి బ్యారేజీనీ ఒకటే అనుకుని రాసేయడం. రెండోది, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినా అమలాపురాన్ని తూర్పుగోదావరిలోనే ఉంచేయడం. అమెరికాలో కూర్చున్న సంపాదకుడికి తెలియకపోవచ్చు. అచ్చయ్యాక రాజోలు పాఠకుడు కామెంటులో పట్టుకుంటాడు.

3. అయిదారు పేర్లతో జాబితా వేసుకోండి

పేరు విని కాదు, స్వభావం చూసి. తెలుగులో వెబ్ పత్రికలంటే అన్నీ ఒక తీరువి కావు.

1998 నుంచి వస్తున్న ఈమాటలో కథలూ కవితలతో పాటు ఛందస్సు, సంగీతం, భాష మీద పొడవాటి వ్యాసాలకూ చోటుంటుంది. కౌముది నెలనెలా పీడీఎఫ్ పేజీల రూపంలో వస్తుంది. సారంగ, సంచిక మరో రెండు తీరులు. రెండింటి మొదటి పేజీలూ పక్కపక్కన తెరిచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. పుస్తక సమీక్ష రాస్తే 2009లో మొదలైన పుస్తకం.నెట్ ఉండనే ఉంది, అక్కడికి కథ పంపితే ప్రయోజనం లేదు. స్త్రీల రచనలు, స్త్రీల సమస్యల మీద రచనలైతే విహంగ, నెచ్చెలి చూడండి. విహంగను 2011లో పుట్ల హేమలత మన రాజమండ్రి నుంచే మొదలుపెట్టారు.

ప్రతిలిపి లాంటి యాప్‌లను ఈ జాబితాలో కలపకండి. అక్కడ మధ్యలో సంపాదకులు లేకుండా మీకు మీరే వేసుకోవచ్చు. పాఠకులు దొరుకుతారు, సీరియల్ రాసేవాళ్లకు అదో మంచి చోటే. కానీ అక్కడ పెట్టిన కథ ‘ప్రచురితమైనది’ కిందికే వస్తుంది, తర్వాత పత్రికకు పంపితే తీసుకోకపోవచ్చు.

4. ఒక్కో పత్రికవి మూడు సంచికలు చదవండి

అసలు పని ఇదే. ఇది దాటేసి మిగతావన్నీ చేసినా తిరుగుటపా తప్పదు. మూడూ ఈ ఏడాదివే అయి ఉండాలి. పదేళ్ల కిందటి సంచిక చూసి పత్రికను అంచనా వేయకండి, ఈలోపు సంపాదకులు మారి ఉండొచ్చు.

చదివేటప్పుడు చూడాల్సినవి:

ఒక కథను మొత్తం కాపీ చేసి డాక్స్‌లో పడేసి పదాలు లెక్కపెట్టండి. ఇలా మూడు కథలు చేస్తే ఆ పత్రిక కొలత తెలిసిపోతుంది. మూడూ 1200 దగ్గర తిరుగుతుంటే మీ 2200 పదాల కథకు ఆ చోటు కాదు. నిబంధనల్లో నిడివి రాయకపోయినా సంచికలు చెప్పేస్తాయి.

యాసను ఎలా ఉంచారో చూడండి. శ్రీకాకుళం కథ, తెలంగాణ కథ, రాయలసీమ కథ ఆ పత్రికలో వచ్చాయా? వస్తే మాటలు ఆ యాసలోనే ఉన్నాయా, లేక అందరూ పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నారా? మాట్లాడుతుంటే మీ రైతు “ఎల్లొత్తానండి” అనేది కాస్తా “వెళ్ళి వస్తానండి” అయిపోయే అవకాశం ఉంది.

కొత్త పేర్లు ఎన్ని? మూడు సంచికల్లోనూ తిరిగి తిరిగి అవే ఎనిమిది పేర్లుంటే తలుపు సన్నగా తెరిచి ఉందని అర్థం. తప్పని కాదు, మీ వరుసలో దాన్ని కిందికి దించండి.

మీ వస్తువు మీద ఈ మధ్యే ఏమైనా వచ్చిందా? సైటులో వెతికే పెట్టెలో ‘రొయ్యలు’, ‘చెరువు’, ‘లంక’ అని కొట్టి చూడండి. పోయిన నెలే ఆక్వా కథ ఒకటి వేసుకుంటే వెంటనే రెండోది వేయరు. ఆర్నెల్లు దాటితే పర్వాలేదు.

అచ్చుతప్పులు లెక్కపెట్టండి. పేజీకి పది ఉంటే అక్కడ ఎవరూ దిద్దడం లేదు. మీ తప్పులూ అలాగే ఉండిపోతాయి, మీ పేరు మీద.

ఫోనులో తెరిచి చూడండి. కవిత అయితే మరీ ముఖ్యం. కొన్ని సైట్లలో పాదాలు విరిగి వచనంలా పేరుకుంటాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తమకు నచ్చిన రచయిత ఉన్నచోటికే పంపాలనుకోవడం. మీరు చూడాల్సింది మీ కథకు చుట్టాల్లాంటి కథలు అక్కడున్నాయా అని.

5. పత్రిక నడుస్తోందో లేదో చూడండి

పొద్దు, కినిగె పత్రిక ఒకప్పుడు బాగా చదివించుకున్నవే, తర్వాత ఆగిపోయాయి. వెబ్ పత్రికలు ఎక్కువగా ఒకరిద్దరి తీరికతో, చేతిడబ్బులతో నడుస్తాయి. అందుకని:

- చివరి సంచిక తేదీ చూడండి. మాసపత్రిక అయి మూడు నెలలుగా కదలకపోతే పంపకండి.
- సంపాదకుల పేర్లు, సంప్రదించే దారి సైటులో ఉన్నాయా?
- అయిదేళ్ల కిందటి కథ లింకు నొక్కితే తెరుచుకుంటోందా?
- అందులోని ఒక వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి గూగుల్‌లో వెతకండి. దొరికితే రేపు మీ కథా దొరుకుతుంది.

6. నిబంధనల పేజీ అక్షరం అక్షరం చదవండి

‘రచయితలకు సూచనలు’ అనో ‘మీ రచనలు’ అనో ఉంటుంది. అందులో తేల్చుకోవాల్సినవి నాలుగు.

ఇంతకు ముందు ప్రచురితం కాకూడదు అంటే ఎంతవరకు? మీ ఫేస్‌బుక్ గోడ, వాట్సాప్ గ్రూపు, సొంత బ్లాగు కూడా లెక్కలోకొస్తాయా? స్పష్టంగా రాయకపోతే వస్తాయనే అనుకోండి. పోస్టు తీసేసి పంపితే చాలనుకోవద్దు. ఎవరో షేర్ చేసినది ఎక్కడో ఉంటుంది, సంపాదకులు వెతుకుతారు.

హామీపత్రం అడుగుతున్నారా? సాధారణంగా ఇది చాలు: “ఈ రచన నా స్వంతం. అనువాదం, అనుసరణ, అనుకరణ కాదు. ఇంతవరకు అచ్చులో గానీ అంతర్జాలంలో గానీ ప్రచురితం కాలేదు. వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు.”

హక్కులు ఎవరివి? ఎక్కువ పత్రికలు మొదట ప్రచురించే హక్కు మాత్రమే అడుగుతాయి. “సర్వహక్కులూ పత్రికవే” అని కనబడితే ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా లెక్క. రేపు మీ కథల సంపుటి వేసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలో ముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

డబ్బు. తెలుగు వెబ్ పత్రికల్లో పారితోషికం ఇచ్చేవి తక్కువ. ఇవ్వకపోవడం మోసం కాదు. మిమ్మల్ని ఇమ్మంటే మాత్రం అనుమానించండి. “మీ కవిత సంకలనానికి ఎంపికైంది, పుస్తకానికి, మెమెంటోకి, శాలువాకి కలిపి ఇంత ఫోన్‌పే చేయండి” అని వస్తే అది ఎంపిక కాదు, అమ్మకం. మీకు ఇష్టమై కొనుక్కుంటే మీ ఇష్టం. గుర్తింపు వచ్చిందని అనుకోకండి.

పోటీలకు పంపేటప్పుడు ఇంకో మాట. ఫలితాలు వచ్చేదాకా కథ అక్కడే ఇరుక్కుంటుంది. “సాధారణ ప్రచురణకు కూడా స్వీకరిస్తాం” అనే వాక్యం ఉందో లేదో చూసుకోండి. ఉంటే బహుమతి రాకపోయినా వాళ్లు తేల్చేదాకా మరోచోటికి పంపకూడదు.

7. ఒక్క పేరు తేల్చండి

పై వడపోతలో అయిదారు కాస్తా రెండు మూడవుతాయి. వాటిని 1, 2, 3 అని వరుస పెట్టి, 1కి మాత్రమే పంపండి. ఒకే కథ ఇద్దరికి పంపి ఇద్దరూ వేసుకుంటే, ఆ రెండు గుమ్మాల్లోనూ మీ తర్వాతి కథకు మర్యాద తగ్గుతుంది.

రుతువు, పండగ సంబంధమైనవైతే కాలం చూసుకోండి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం మీద వ్యాసం జనవరి సంచికలో రావాలి. మాసపత్రిక ఒకటో తారీఖున వస్తుందంటే నవంబరు చివరికల్లా మీ మెయిల్ అక్కడుండాలి. భోగి రోజున పంపి “ఈ పండక్కి వేయండి” అంటే కుదరదు. కాటన్ మీద వ్యాసాలు ఆయన పుట్టినరోజు, మే 15 దగ్గర పోటెత్తుతాయి. అప్పుడు పంపాలంటే మీ దగ్గర కొత్త సంగతి, ఒక కాలువదో లాకుదో, ఉండాలి.

8. మెయిల్ రాయండి

సబ్జెక్టులో: కథ – శీర్షిక – మీ పేరు. లోపల ఇంత చాలు:

“సంపాదకులకు నమస్కారం. ‘…’ అనే కథ (2200 పదాలు) పరిశీలనకు పంపుతున్నాను. సంభాషణల్లో గోదావరి యాస కావాలనే వాడాను. మార్చాల్సి వస్తే ముందుగా తెలియజేయగలరు. హామీపత్రం కింద ఇచ్చాను.”

కథ ఎంత బాగుంటుందో, చదివి ఎంతమంది ఏడ్చారో రాయకండి.

యాస వాడినవాళ్లు పంపేముందు ఒక పని చేయాలి. ఒక్కో పాత్ర మాటలు మాత్రం విడిగా చదవండి. ఒకే మనిషి మొదటి పేజీలో “వత్తన్నాను” అని మూడో పేజీలో “వస్తున్నాను” అంటే అది యాస కాదు, అశ్రద్ధ. బోదె, మెరక, దింపు, పంటు లాంటి మాటలకు కథలో అర్థాలు విప్పనక్కర్లేదు, వాక్యంలో పని జరుగుతుంటే కరీంనగర్ పాఠకుడికీ తెలుస్తుంది. “పంటు మీద బండెక్కించి అవతలి రేవుకి దాటాడు” అంటే చాలదూ?

ఫైలు పేరు ‘ఫైనల్ కొత్తది 2’ అని కాకుండా శీర్షిక, మీ పేరు పెట్టండి. పీడీఎఫ్, చేతిరాత ఫొటోలు అడిగితే తప్ప వద్దు. వ్యాసానికి మీరు తీసిన ఫొటోలు పంపేటప్పుడు వాటిని వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుని మళ్లీ జతచేయకండి, నాణ్యత పడిపోతుంది. గూగుల్‌లో దొరికిన బొమ్మ పంపకండి.

పంపాక మర్నాడు “కొంచెం మార్చాను, ఇది చూడండి” అని రెండో ఫైలు పంపే అలవాటు చాలామందికుంది. అందుకే పంపేముందు మూడు రోజులు పక్కన పెట్టి, ప్రింటు తీసి, పైకి చదవండి.

9. ఎదురుచూడటం

సైటులో గడువు రాస్తే అంతవరకూ ఆగండి. రాయకపోతే ఆరు వారాలు. ఆ తర్వాత ఒకే ఒక్క గుర్తుచేసే మెయిల్. మరో రెండు వారాలకీ పలుకు లేకపోతే “ఈ రచనను ఉపసంహరించుకుంటున్నాను” అని రాసి 2వ పత్రికకు కదలండి. ఉపసంహరణ మెయిల్ లేకుండా కదిలితే రెండుచోట్లా పడే ప్రమాదం అలాగే ఉంటుంది. సంపాదకుల సొంత ఫోనుకు, మెసెంజర్‌కు పోకండి.

మార్పులు అడిగితే అది మంచి సూచనే. ఒప్పుకునేవి చేయండి, ఒప్పుకోనివాటికి ఒక్కో వాక్యంలో కారణం రాయండి. తిరస్కరిస్తే, 2వ పత్రికకు పంపేముందు 4వ దశలో రాసుకున్నది మళ్లీ తీసి చూడండి. నిడివి, హామీపత్రం అక్కడికి తగ్గట్టు మార్చాలి. పాత పత్రిక పేరు మెయిల్‌లో మిగిలిపోవడం నవ్వులాటగా ఉంటుంది గానీ తరచూ జరిగేదే.

10. వచ్చాక సరిచూసుకోండి

లింకు పదిమందికీ పంపేముందు మీ ఫైలునూ ప్రచురితమైనదాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. పేరాలు కలిసిపోవడం, మధ్యలో ఒక పేరా ఎగిరిపోవడం, కవితలో ఖాళీ వరుసలు పోవడం, ఇంటిపేరులో పొల్లు జారడం – ఇవే ఎక్కువ. తప్పులుంటే ఒకే మెయిల్‌లో వరుసగా ఇవ్వండి: ఎన్నో పేరా, ఇప్పుడు ఎలా ఉంది, ఎలా ఉండాలి. వెబ్ కాబట్టి దిద్దడం నిమిషాల పని, మర్యాదగా అడిగితే చేస్తారు. మీరే మనసు మార్చుకుని వాక్యాలు తిరగరాయడం మాత్రం దిద్దుబాటు కిందికి రాదు.

తర్వాత పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ అనే చోట లింకు ఇచ్చి నొక్కితే అక్కడా ఒక ప్రతి నిలుస్తుంది. పత్రిక మూతబడ్డా కథ ఎక్కడ, ఏ నెలలో వచ్చిందో చూపించగలుగుతారు. సంపుటి వేసేటప్పుడు కథ కింద పత్రిక పేరు, నెల, సంవత్సరం వేయాలి కాబట్టి ఆ మూడూ నోటుబుక్కులో ఆ రోజే రాసేసుకోండి.